పాత ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64కి స్క్రీన్ సేవర్: నడుస్తున్న ప్రోగ్రాం చెడకుండా ఎలా?

ప్రశ్న: పాత ట్యూబ్ టీవీకి తగిలించి వాడుతున్నా. ప్రోగ్రాం లిస్టింగ్ తెర మీదే వదిలేస్తే అక్షరాల అచ్చు పడిపోతుందేమోనని భయం. కాసేపు కీ నొక్కకపోతే తెర నల్లబడాలి, నొక్కగానే ఉన్నదున్నట్టు రావాలి. స్క్రీన్ మెమరీ జోలికి పోకుండా కుదురుతుందా?

జవాబు 1: భేషుగ్గా. మెమరీ అడ్రస్ 53265లో 4వ బిట్ (0 నుంచి లెక్కపెట్టి) సున్నా చేయండి, తెరంతా బోర్డర్ రంగైపోతుంది. బోర్డర్ రంగు ఉండే 53280 విలువ దాచుకుని అక్కడ 0 (నలుపు) పెట్టండి. ఒక్క అక్షరం చెరగదు.

జవాబు 2: కోడ్ 49152 దగ్గర పెట్టండి, బేసిక్ భాష అటు రాదు. ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని క్షణం ఆపి వేరే కోడ్‌కి పంపే సంకేతం) వస్తే ఎక్కడికి దూకాలో 788, 789లో ఉంటుంది, అక్కడ మీ కోడ్ అడ్రస్ పెట్టండి. మార్చేటప్పుడు మాత్రం ఇంటరప్ట్‌లు ఆపి తీరాలి. సగం మారిన అడ్రస్‌కి దూకిందా, గోవిందా! పాత అడ్రస్ దాచి, మీ పని అవగానే అక్కడికే జంప్ చేయండి. కొందరు నేరుగా 59953 (మామూలుగా అక్కడుండే అడ్రస్) రాసేస్తారు, నాకు నచ్చదు. అప్పటికే వేరే ప్రోగ్రాం అక్కడ కాపురముంటే?

ప్రశ్న అడిగినవారు: మరి కీ నొక్కిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

జవాబు 2: 197లో 64 ఉంటే ఏమీ నొక్కనట్టే. షిఫ్ట్ ఒక్కటే నొక్కితే అందులో కనబడదు, 653 కూడా చూడండి. ఇంటరప్ట్ సెకనుకి సుమారు 60 సార్లు వస్తుంది. 3 నిమిషాలంటే 10800, ఒక్క బైట్ (255 దాకానే పడుతుంది) చాలదు.