అప్‌డేట్: ఎఫ్‌డీఎం మెయిళ్లను తప్పు ఫోల్డర్‌లో వేయడం ఆగింది

నేను అడిగింది ఇదీ: గుంటూరులో మా మిర్చి ఎగుమతి ఆఫీసు మెయిల్‌ని ఎఫ్‌డీఎంతో (సర్వర్ నుంచి మెయిళ్లు దింపి, మనం రాసిన రూళ్ల ప్రకారం ఫోల్డర్లలో సర్దే ప్రోగ్రామ్) దింపుతుంటే, కోల్డ్ స్టోరేజీ వాళ్ల కోసం రాసిన రూల్ వేరేవాళ్ల మెయిళ్లనీ అదే ఫోల్డర్‌లో పడేస్తోంది. హెడర్లు (పంపినవారు, విషయం లాంటివి ఉండే మెయిల్ పైభాగం) చూడమన్న అన్నగారికి కృతజ్ఞతలు, తప్పు అక్కడే ఉంది.

పంపినవారిని చూపే ఫ్రమ్ లైన్ వెతికే "మ్యాచ్" రూల్లో, వెతికే మాట చివర "ఇన్ హెడర్స్" లేదు. అది లేకపోతే ఎఫ్‌డీఎం బాడీతో సహా మెయిల్ మొత్తం వెతుకుతుంది. ఫార్వర్డ్ చేసిన మెయిల్ లోపల పాత ఫ్రమ్ లైన్ ఉంటుంది కదా, రూల్ దానికి తగులుకుంటోంది. ఆ రెండు మాటలు చేర్చాక సరిగ్గా సర్దుతోంది.

రూళ్లు పైనుంచి కిందికి నడుస్తాయి, "కంటిన్యూ" పెడితే తప్ప మొదట కలిసిన దగ్గరే ఆగుతాయి. కాబట్టి ప్రతి మెయిల్‌కీ కలిసే "మ్యాచ్ ఆల్" రూల్ అట్టడుగున ఉండాలి.

ఇది మాత్రం మరవకండి: దింపిన మెయిల్‌ని ఎఫ్‌డీఎం మామూలుగా సర్వర్ మీద చెరిపేస్తుంది. రూళ్లు కుదిరేదాకా మెయిళ్లను సర్వర్ మీద చెరపకుండా ఉంచే మైనస్ కే (-k) ఆప్షన్ పెట్టి నడపండి. అలా నడిపినప్పుడల్లా అవే మెయిళ్లు మళ్లీ దిగుతాయి గనక పరీక్షకు వేరే మెయిల్‌డిర్ (మెయిళ్లు దాచే ఫోల్డర్) వాడండి. పాస్‌వర్డ్ కాన్ఫిగ్ ఫైల్లోనే ఉంటే దాని పర్మిషన్ 600 (ఫైల్ యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) చేయండి.