"కృష్ణా రామా అనుకుంటూ": ఇందులోకి "కూర్చో" ఎక్కణ్ణుంచి వచ్చింది?

తెలుగుపిచ్చి (ఎంవీపీ కాలనీ):
ఈ మాట మనం రెండు రకాలుగా వాడతాం, గమనించారా. పెద్దాయన తన గురించి తనే "పిల్లలు సెటిలైపోయారు, ఇంకేముందిరా, కృష్ణా రామా అనుకుంటూ కాలం గడిపేయడమే" అంటే అందులో ఓ నిశ్చింత ఉంటుంది. అదే కొడుకో కోడలో "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ, కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక" అన్నారనుకోండి, అది నోరు మూయించడం. దేవుళ్ళు ఇద్దరూ అలాగే ఉన్నారు, గడపడం పోయి కూర్చోవడం వచ్చింది, పైగా ఓ మూల! నాకు ఎక్కువగా వినపడేది రెండోదే, అదీ పెద్దవాళ్ళు డబ్బు సంగతో వంటింటి సంగతో ఎత్తినప్పుడే. మీ ఇళ్ళల్లో ఎలా వాడతారు?

ఫిజియో_గాజువాక:
భాష సంగతి మీరు చూస్కోండి గానీ ఆ "కూర్చో"తోనే మాకు పేచీ. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే 10 రోజులు మంచం మీద ఉంచి చూశారు, ఏ జబ్బూ లేకుండానే కాళ్ళల్లో కండ సగటున కేజీ దాకా తగ్గిపోయింది. కండ తగ్గితే కుర్చీలోంచి లేవడం కష్టం, లేవడం కష్టమని ఇంకాస్త కూర్చుంటారు, ఇలా ఇలా వెళ్ళి ఓ రోజు బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మా ఫీల్డులో 2001 నుంచి ఫ్రెయిల్టీకి, అంటే వయసుతో ఒంట్లో సత్తువ తగ్గి చిన్న దెబ్బకే కుదేలయ్యే స్థితికి, ఐదు గుర్తులు చూస్తున్నారు: అనుకోకుండా బరువు తగ్గడం, నీరసం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్ అంటాం. ఒకటో రెండో ఉన్నప్పుడే పట్టుకుంటే వెనక్కి తేవచ్చు చాలామందిని, వ్యాయామంతో, తిండితో. ఈ ఫ్రెయిల్టీకి తెలుగు మాట ఉందా? పేషెంట్లకి "వీక్‌నెస్" అని చెప్తే బలం ఇంజెక్షన్ రాయమంటున్నారు :)

నిఘంటువు_నేస్తం:
"ఉడగడం" ఉందిగా. ఓపిక ఉడిగిపోయింది, వయసుడిగిన మనిషి. ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గిపోతుంది అనే అర్థం అందులోనే ఉంది.

అప్పన్నభక్తుడు:
అసలు దేవుడి పేరు తలుచుకోడానికి కూర్చోవాలని ఎవరన్నారండీ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) కాడ కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ తిరిగి మళ్ళీ కొండ కిందకి 32 కిలోమీటర్లు, అందులో తెల్లజుట్టు వాళ్ళు ఎంతమందో! మా పిల్లలేమో లిఫ్టు కోసం వెయిట్ చేస్తారు.

తెలుగుపిచ్చి:
@అప్పన్నభక్తుడు భలే చెప్పారు. ఇంకోటి, మాట వల్ల ఏమవుతుందిలే అనుకుంటాం గానీ యేల్ యూనివర్సిటీలో బెకా లెవీ అనే ఆవిడ 2002లో ఒక పేపర్ వేశారు. ఒహాయోలో ఒక ఊళ్ళో యాభై దాటిన 660 మందిని, వయసు మీద పడటం గురించి మీరేమనుకుంటున్నారు అని ముందే అడిగి ఉంచారు, తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా లెక్క చూస్తే మంచిగా అనుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారట. డబ్బు, ఒంటరితనం, అప్పటి ఆరోగ్యం లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. అలా అనుకోబట్టే బతికారని దీంతో తేలిపోదు లెండి, కానీ డాక్టర్లూ సైకాలజీ వాళ్ళూ కలిసి చూసే ఈ విషయంలో మన భాషవాళ్ళకి కూడా ఓ కుర్చీ వెయ్యాలి.

రిటైర్డ్_టీచరమ్మ:
నాకు 68. మీరంతా బాగానే చర్చిస్తున్నారు గానీ నాకైతే ఆ మాట ఇష్టమే నాయనా. పెళ్ళయిన దగ్గర్నుంచి బడి, వంట, పిల్లలు, ఇప్పుడు మనవల స్కూల్ బస్సు. నన్నెవరైనా కృష్ణా రామా అనుకుంటూ కూర్చోమంటే బాగుణ్ణు, ఒక్కరూ అనరే!

నిఘంటువు_నేస్తం:
@రిటైర్డ్_టీచరమ్మ అమ్మా, మీకు మీరు అనుకుంటే "అనుకుంటూ"లో ఉన్న ఆ "కొను" సార్థకం, తనకోసం తను చేసుకునేదే కదా. మిమ్మల్ని ఇంకొకరు కూర్చోబెడితేనే తేడా.

రిటైర్డ్_టీచరమ్మ:
వ్యాకరణం నాకే చెప్తున్నావా :) సరే, బస్సొచ్చింది, వెళ్ళాలి.

ఎచ్చెర్ల_కుర్రోడు:
మా ఇంట్లో "రామా కిష్ణా" అంటారండీ, ముందు రాముడే. కృష్ణుణ్ణి ముందు పెట్టేది ఏ జిల్లాల వాళ్ళు?