సప్లయర్ వెబ్‌సైట్‌లో గొప్పలు కనబడితే అక్కడితో ఆపేయాలా, ముందుకెళ్లాలా?

స్పానర్‌సెట్టు:
హైడ్రాలిక్ ప్రెస్సుల రిటర్న్ లైన్‌కి (ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్లే దారి) ఫిల్టర్ ఎలిమెంట్లు కొత్త సప్లయర్ దగ్గర తీసుకుందామని చూస్తున్నాం. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

"10 మైక్రాన్, 99.9 శాతం ఫిల్ట్రేషన్." "ఐఎస్‌ఓ 9001 సర్టిఫైడ్ ఎలిమెంట్లు." "ఒరిజినల్ కంటే రెట్టింపు లైఫ్." "500 మందికి పైగా సంతృప్తి చెందిన కస్టమర్లు."

మా మేనేజర్ గారు ఆ పేజీ చూసి తెగ మురిసిపోయారు. నాకు మాత్రం చదివేకొద్దీ ఉన్న నమ్మకం కూడా పోయింది. ఇలా రాసుకునేవాళ్లను కొటేషన్ కూడా అడగకూడదని నా వాదన. మీరేమంటారు?

కొనుగోలుడెస్క్:
అలా అయితే మీరు ఎవరి దగ్గరా ఏమీ కొనలేరండీ. వెబ్‌సైట్‌లో రాసేది షాప్‌ఫ్లోర్‌లో పనిచేసేవాళ్లు కాదు. ఎవరో ఏజెన్సీ వాళ్లు పక్క కంపెనీ సైట్ చూసి నాలుగు ముక్కలు అతికిస్తారు. నేను చూసినవాళ్లలో మెషినింగ్ బాగా చేసే ఒకాయన సైట్ ఏళ్ల తరబడి "త్వరలో వస్తుంది" అనే ఒక్క పేజీతోనే నడుస్తోంది. సైట్ బాగుందని కొనకూడదు సరే, సైట్ బాగాలేదని వదిలేయడం కూడా అంతే తప్పు.

క్వాలిటీకన్ను:
నాలుగు వాక్యాలూ ఒకే గాటన కట్టకండి. రెండోది గొప్ప చెప్పుకోవడం కాదు, వాక్యమే తప్పు. ఐఎస్‌ఓ 9001 ఇచ్చేది సంస్థ పని నడిపే పద్ధతికి. ఎలిమెంట్‌కి కాదు. పైగా ఐఎస్‌ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, దాని లోగో వాడుకోనివ్వదు కూడా. సర్టిఫికెట్ ఇచ్చేది వేరే సర్టిఫికేషన్ సంస్థ. ఆ సంస్థకి అక్రెడిటేషన్, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే అర్హత ఉందన్న గుర్తింపు, ఉందా లేదా అన్నది చూసుకోవాలి. ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ అందుకే ఉంది.

సర్టిఫికెట్ చేతికొస్తే నేను మొదట చూసేది స్కోప్ అన్న లైను, అది ఏ పనికి ఇచ్చారో అక్కడే ఉంటుంది. ఒకసారి తయారీదారులం అని చెప్పుకున్నవాళ్ల స్కోప్‌లో "ట్రేడింగ్" అని ఉంది. సర్టిఫికెట్ అసలుదే, అబద్ధమేమీ లేదు! సరుకు ఎక్కడ తయారైందో మాత్రం వాళ్లకే సరిగ్గా తెలియదు.

కొనుగోలుడెస్క్:
"ఐఎస్‌ఓ సర్టిఫైడ్ ప్రొడక్ట్" అని సగం మంది అలాగే రాస్తున్నారు. తెలియక రాసినదాన్ని మోసం అనడం ఎందుకు?

క్వాలిటీకన్ను:
మోసం అనలేదు. తమ చేతిలో ఉన్న కాగితం దేనికి వచ్చిందో కూడా తెలియనివాళ్లు అంటున్నాను. నాకైతే అది ఇంకా టెన్షన్.

పాతఫిట్టర్:
మీరిద్దరూ కాగితాల దగ్గరే ఆగిపోయారు. అసలు సంగతి మొదటి వాక్యంలో ఉంది.

మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. "10 మైక్రాన్ ఫిల్టర్" అంటే ఒంటరిగా ఏ అర్థమూ లేదు. దాని పక్కన బీటా ఎంతో ఉండాలి. ఫిల్టర్‌కి ముందు ఆ సైజు, అంతకు మించిన రేణువులు ఎన్ని, తర్వాత ఎన్ని, ఆ నిష్పత్తే బీటా. పరీక్ష పద్ధతి ఐఎస్‌ఓ 16889. 10 మైక్రాన్ దగ్గర బీటా 2 అంటే సగం దాటిపోయినట్టు, నామినల్ (పేరుకి మాత్రం) అన్న మాట చాటున అదీ 10 మైక్రాన్ ఫిల్టరే. బీటా 200 అంటే 99.5 శాతం. బీటా 1000 అయితే 99.9.

ఇప్పుడు వీళ్ల 99.9 దేనిలో? రేణువుల లెక్కలోనా, బరువు లెక్కలోనా? 100 మైక్రాన్ల రేణువు ఒక్కటి, 10 మైక్రాన్ల రేణువులు వెయ్యింటితో సమాన బరువు. ముతక దుమ్ము ఆపితే చాలు, బరువు లెక్కలో మంచి అంకె వచ్చేస్తుంది. పంపులో, వాల్వులో సందుల్ని అరగదీసే సన్న దుమ్ము హాయిగా దాటిపోతుంది. రెండు లెక్కల్లోనూ 99.9 అనే రాయొచ్చు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

స్పానర్‌సెట్టు:
అంటే మీరు నా వైపే కదా అన్నా?

పాతఫిట్టర్:
తొందరపడకు తమ్ముడూ. ఆ 99.9 నిజమే అయినా నీ ప్రెస్సుకి అంత రాదు. ల్యాబ్‌లో ఆ పరీక్ష నిలకడగా పారే ఆయిల్‌తో చేస్తారు. నీ ప్రెస్సు కొట్టే ప్రతి స్ట్రోక్‌కీ ఫ్లో ఎగిసిపడుతుంది. పొద్దున్నే చల్లగా, చిక్కగా ఉన్న ఆయిల్‌తో స్టార్ట్ చేస్తే బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ వడపోత లేకుండానే ట్యాంకులోకి పోతుంది. అది ఎంత మంచి కంపెనీ ఎలిమెంట్ అయినా అంతే. కాబట్టి అంకె నిజమా అబద్ధమా అన్నదొకటి, ఆ అంకె నీకు పనికొస్తుందా అన్నది ఇంకొకటి.

నాకు భయం వేసింది "రెట్టింపు లైఫ్" అన్న మాట చూసి. ఎలిమెంట్ నిండిందని మనకెలా తెలుస్తుంది? రెండువైపులా ప్రెషర్ తేడా పెరిగితే. దుమ్ముని పట్టుకోని ఎలిమెంట్‌లో తేడా ఎందుకు పెరుగుతుంది? మా దగ్గర ఒకసారి కొత్తరకం ఎలిమెంట్లు పెట్టాం. నెలలు గడిచినా ఇండికేటర్ పచ్చ దాటలేదు, అందరం సంబరపడ్డాం. ఆయిల్ శాంపిల్ పంపితే శుభ్రత కోడ్ 18/16/13 నుంచి 21/19/16కి దిగజారి ఉంది. ఆయిల్‌లో మూడు సైజుల రేణువులు ఎన్నున్నాయో చెప్పే ఐఎస్‌ఓ 4406 కోడ్ అది, అందులో ఒక్కో అంకె పెరిగితే రేణువులు సుమారు రెట్టింపు, మూడు పెరిగాయంటే ఎనిమిది రెట్లు. విప్పి చూస్తే ఎండ్‌క్యాప్ (ఎలిమెంట్ చివర మూత) దగ్గర జిగురు ఊడిపోయి ఆయిల్ పక్కసందులోంచి పోతోంది. రెట్టింపు లైఫ్ కాదు, అది జీవితాంతం నిండేది కాదు!

కొత్తగాచేరా:
సార్, ఆ 500 కస్టమర్ల సంగతి ఎవరూ చెప్పలేదు?

పాతఫిట్టర్:
మళ్లీ కొన్నవాళ్లు ఎంతమందో అడుగు. జవాబు వస్తే మాట్లాడుకుందాం.

క్వాలిటీకన్ను:
నా పద్ధతి ఇదీ: వెబ్‌సైట్ చదవను, టెస్ట్ రిపోర్ట్ అడుగుతాను. లేదంటే అక్కడితో అయిపోయింది.

కొనుగోలుడెస్క్:
రిపోర్టులు మాత్రం దేవుడు రాసినవా? నాసా 2009లో ఆర్బిటింగ్ కార్బన్ అబ్జర్వేటరీ అనే ఉపగ్రహాన్ని, 2011లో గ్లోరీ అనే ఉపగ్రహాన్ని పోగొట్టుకుంది. రెండుసార్లూ టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్టే, రెండుసార్లూ ఉపగ్రహాన్ని కప్పి ఉంచే తొడుగు (ఫెయిరింగ్) విడిపోలేదు. అందులో వాడిన అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ల (అచ్చులోంచి నెట్టి తీసే భాగాలు) టెస్ట్ సర్టిఫికెట్లను సరఫరాదారు 19 ఏళ్ల పాటు మార్చి రాశారని 2019లో నాసా బయటపెట్టింది. నష్టం 70 కోట్ల డాలర్ల పైమాట. అక్కడ కాగితాలన్నీ పక్కాగానే ఉన్నాయి కదా?

క్వాలిటీకన్ను:
ఉన్నాయి. కానీ ఆ కాగితాల మీద సంతకం ఉంది కాబట్టే కేసు నడిచింది. "99.9 శాతం" అని వెబ్‌సైట్‌లో రాసినందుకు ఎవరి మీద కేసు పెడతారు? రేపు పొద్దున ఆ లైన్ తీసేస్తే రాసినట్టు కూడా ఉండదు. కాగితం అబద్ధమాడదని నేను అనడం లేదు, ఆడితే ఎవరు ఆడారో తెలుస్తుంది.

కొనుగోలుడెస్క్:
సరే, ఇది ఒప్పుకుంటాను. అయితే కొటేషన్ అడగొద్దనే మాటకి మాత్రం ఇంకా ఒప్పుకోను. స్పానర్‌సెట్టు గారూ, ఒక పని చేయండి. వాళ్ల వెబ్‌సైట్ వాక్యాలనే కాపీ చేసి, ఎంక్వైరీలో స్పెసిఫికేషన్ కింద పెట్టి పంపండి. "ఇవే పర్చేజ్ ఆర్డర్‌లో ఉంటాయి, కుదరకపోతే సరుకు వాపసు" అని ఒక్క లైను జోడించండి. ఏజెన్సీ రాసిన మాటని అప్పుడు వాళ్ల ఇంజినీర్ చదువుతాడు. నేనైతే ఎప్పుడూ ఇదే చేస్తాను, సగం విశేషణాలు ఆ మెయిల్‌తోనే రాలిపోతాయి.

స్పానర్‌సెట్టు:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. అలాగే పంపాను. జవాబు వచ్చింది.

రెట్టింపు లైఫ్ మాట ఎగిరిపోయింది, "వాడకాన్ని బట్టి" అయింది. 99.9 కాస్తా 10 మైక్రాన్ దగ్గర బీటా 200 అయింది. ఐఎస్‌ఓ 16889 రిపోర్ట్ మాత్రం జత చేశారు. పేజీ ఎవరో బయటివాళ్లు రాశారని, సరిచేస్తామని కూడా రాశారు.

కొనుగోలుడెస్క్:
చూశారా! అడిగితే నిజం చెప్పారు. నేను వీళ్లతో ముందుకెళ్తాను.

స్పానర్‌సెట్టు:
99.9కీ 99.5కీ తేడా 0.4 శాతం అనుకుంటున్నారేమో. దాటేవి వెయ్యికి ఒకటి కాదు, ఐదు. ఐదు రెట్లు! అడగకపోయుంటే మా మేనేజర్ గారు మొదటి అంకె చూసే సంతకం పెట్టేవారు.

పాతఫిట్టర్:
రిటర్న్ లైన్‌కి బీటా 200 తక్కువేం కాదు, తీసుకోవచ్చు. సర్వో వాల్వుల (చాలా సన్న సందులుండే కంట్రోల్ వాల్వులు) ముందు పెట్టేది ఉంటే దాని లెక్క వేరు. ముందు ఒక్క ప్రెస్సులో పెట్టి, పెట్టకముందొకటి, తర్వాతొకటి ఆయిల్ శాంపిల్ తియ్. ఇంతకీ రిపోర్ట్‌లో పార్ట్ నంబర్ నువ్వు కొనేదేనా?

స్పానర్‌సెట్టు:
ఇప్పుడే తెరిచి చూశాను. కాదు. మనదానికంటే పొడుగు ఎలిమెంట్.

పాతఫిట్టర్:
సైజు వేరైతే ఇబ్బంది లేదు, ఒక సైజు మీదే పరీక్ష చేయించి మిగతావాటికి చూపించడం మామూలే. మీడియా గ్రేడ్, అంటే వడపోసే పొర రకం, ఒకటేనా అని అడుగు. అది వేరైతే ఆ రిపోర్ట్ నీది కాదు.

స్పానర్‌సెట్టు:
మెయిల్ పెట్టాను. ఈలోగా పేజీ మళ్లీ చూశాను. 99.9 అక్కడే ఉంది.