1970 జీప్ వాగనీర్ ఏ నెలలో తయారైందో ఎలా తెలుసుకోవాలి?

ఒహాయోలో ఉంటున్నాను. నా దగ్గర 1970 మోడల్ జీప్ వాగనీర్ ఉంది, ఇక్కడి టొలీడో ఫ్యాక్టరీలో తయారైనదే. 1963 మోడల్‌గా మొదలైన ఈ బండిని కైజర్ కంపెనీ తయారుచేసేది. 1970 ఫిబ్రవరిలో జీప్ వ్యాపారం మొత్తం ఏఎంసీ (అమెరికన్ మోటార్స్) కంపెనీ చేతికి వెళ్లింది. నా బండి కైజర్ కాలంలోదా, ఏఎంసీ వచ్చాక తయారైందా అన్నది తేల్చుకోవాలని చాలా ఆశగా ఉంది.

కాగితాల్లో 1970 అని తప్ప నెల లేదు. హుడ్ ఎత్తి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) మీది ప్లేటును గుడ్డతో తుడిచి చూశాను, సీరియల్ నంబరే ఉంది. డ్రైవర్ డోరు అంచున ఒకప్పుడు స్టిక్కర్ ఉన్న గుర్తు కనిపిస్తోంది, కానీ పాత ఓనరు పెయింట్ వేయించినప్పుడు అది పోయింది. ఇంజిన్ బ్యూక్ 350 వీ8. అది 1968 నుంచి 1971 దాకా వాడారు కాబట్టి దానివల్లా తేలలేదు. ముందు అద్దం, సీటు బెల్టులు తర్వాత మార్చిన కొత్తవి, కాబట్టి వాటివల్లా తేలదు. వెనక డోర్ల అద్దాలు మాత్రం పాతవే, మూలలో చిన్న అక్షరాలు, చుక్కలు ఉన్నాయి గానీ నాకు అర్థం కాలేదు.

ఈ బండిలో తయారీ నెల నమ్మకంగా తెలిపే గుర్తు ఇంకెక్కడ ఉంటుంది?