పాత కిచెన్ బాక్సులతో కారు షెడ్డులో వర్క్‌షాపు: ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న – హైదరాబాద్, సైదాబాద్ నుంచి

అందరికీ నమస్కారం. మాది ఇండిపెండెంట్ ఇల్లు. పక్కనే 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న కారు షెడ్డు ఉంది. మూడు పక్కలా 9 అంగుళాల ఇటుక గోడ, పైన సిమెంటు రేకులు, ముందు రోలింగ్ షట్టర్. కారు ఎలాగూ బయటే పెడుతున్నాం. రిటైరయ్యాక ఈ షెడ్డులో చెక్క పని చేసుకోవాలని ఎప్పటి నుంచో కోరిక.

పోయిన నెల వంటిల్లు కొత్తగా చేయించాం. 12 ఏళ్ల కిందటి మాడ్యులర్ కిచెన్ మొత్తం ఊడదీశారు. కింద పెట్టే బాక్సులు 6, గోడకు తగిలించేవి 5, వాటి తలుపులు, స్టీలు బాస్కెట్లు, 8 అడుగుల గ్రానైట్ బండ ఒకటి మిగిలాయి. పాత సామాన్లు కొనే అతను చెప్పిన ధర వింటే ఇచ్చేయడానికి మనసొప్పలేదు. అన్నీ వరండాలో పెట్టించాను. ఇంట్లో వాళ్లు రోజూ వాటిని తప్పించుకుని నడుస్తున్నారు.

సింకు కింద ఉన్న బాక్సు అడుగున ఉబ్బింది. షెల్ఫులన్నీ పార్టికల్ బోర్డువే, పనిముట్ల బరువుకు ఆగుతాయా అని అనుమానం. గట్టి వాన పడితే షట్టర్ కింద నుంచి అంగుళం ఎత్తు నీళ్లు లోపలికి వస్తాయి. వెనక మూలలో ఒకసారి చెదలు కూడా కనిపించాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు – నాచారం నుంచి

సార్, అమ్మేయకుండా ఆగారు, మంచి పని చేశారు. 2019లో నేనూ ఇదే పని చేశాను. పాత బాక్సులను నేరుగా నేల మీద పెట్టి, తలుపులకు కొత్త హ్యాండిళ్లు కూడా వేయించాను. మరుసటి ఏడాది అక్టోబరు వానలకు షెడ్డులోకి నీళ్లొచ్చి కింది బాక్సులన్నీ పోయాయి. రెండోసారి మొదటి నుంచి చేసుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తలుపులు, రంగులు, హ్యాండిళ్ల సంగతి ఇప్పుడే వద్దు. షెడ్డులో పెట్టిన బాక్సు ఎన్నాళ్లుంటుందనేది రెండు చోట్ల తేలుతుంది: నేలకు ఆనే చోట, గోడను పట్టుకునే చోట. డబ్బు, ఓపిక ముందు అక్కడ పెట్టండి.

ప్రతి బాక్సునూ బోర్లించి అడుగు అంచులు చూడండి. బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోరు దిగకపోతే బాగున్నట్టే. తడిసిన అటుకుల్లా పొరలు పొరలుగా విడిపోతే ఆ ముక్క పనికిరాదు. పార్టికల్ బోర్డంటే చెక్క పెచ్చులను, రంపపు పొట్టును జిగురుతో కలిపి ఒత్తిన బోర్డు. ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బితే ఎండలో పెట్టినా మళ్లీ మామూలు మందానికి రాదు, అందులో స్క్రూ నిలబడదు. అయితే ఉబ్బు పక్క చెక్కల్లో అడుగున మూడు నాలుగు అంగుళాల వరకే ఉంటే బాక్సు మొత్తం తీసేయక్కర్లేదు. ఆ మేరకు కోసేసి కొత్త అడుగు 18 ఎంఎం ప్లైవుడ్‌తో వేయండి. షీటు మీద ఐఎస్ 710 అని ఉండాలి, అది నీటికి తట్టుకునే మెరైన్ రకం. ఎంఆర్ అని ఉన్నది మామూలు కమర్షియల్ ప్లైవుడ్, నేలకు దగ్గర్లో వద్దు. కోసిన ప్రతి అంచుకూ రెండు కోట్లు ఎనామెల్ పెయింట్ వేయండి. బోర్డు నీళ్లు తాగేది ఎక్కువగా అంచుల నుంచే.

నేలకు నేను చేసిన ఏర్పాటు ఇది. సిమెంటు ఇటుకలు రెండు వరసలుగా పేర్చి, వాటి మీద 2 అడుగుల తాండూరు బండలు పరిచాను. బండ మీద బాక్సు. కిచెన్ బాక్సు లోతు సుమారు 22 అంగుళాలు కాబట్టి బండ అతికినట్టు సరిపోతుంది. మీ బాక్సులకు తిప్పితే ఎత్తు మారే నల్ల ప్లాస్టిక్ కాళ్లుంటే వాటిని మాత్రం పోగొట్టుకోకండి. బండ మీద అవి కూడా పెడితే లెవెల్ చూసుకోవడం సులువు.

ముందు భాగంలో కింద ఖాళీని మూసే స్కర్టింగ్ పట్టీ కొట్టించొద్దు. వడ్రంగులు అందంగా ఉంటుందని చెబుతారు, కానీ చెదలు చీకట్లో గోడ వెంట మట్టి గొట్టం కట్టుకుంటూ ఎక్కుతాయి. బాక్సు కింద ఖాళీ, గోడకూ బాక్సుకూ మధ్య 2 అంగుళాల ఎడం ఉంటే నెలకోసారి టార్చి వేసి చూడొచ్చు. పెన్సిలంత లావున మట్టి గీత కనిపిస్తే తుడిచేసి ఊరుకోకండి, ఇంకో దారిన వస్తాయి. చెదల మందు వేసేవాళ్లను పిలిపించి గోడ వారన నేలకు రంధ్రాలు వేయించి మందు ఎక్కించండి. మీకు ఒకసారి కనిపించాయన్నారు కాబట్టి బాక్సులు పెట్టకముందే ఈ పని అయిపోవాలి.

ఇక గోడ బాక్సులు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ భయం ఉంది. మొదటిసారి నాకు పని చేసిపెట్టిన వడ్రంగి బాక్సు వెనక ఉన్న పల్చని బోర్డులోంచే రెండు స్క్రూలు కొట్టి తగిలించాడు. డ్రిల్లు, గ్రైండరు, మేకుల డబ్బాలు అందులో సర్దాను. నాలుగో నెలలో ఒక రాత్రి పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే వెనక బోర్డు గోడకే ఉంది, బాక్సు కింద ఉంది. పగలు మా అబ్బాయి సరిగ్గా ఆ కిందే కూర్చుని సైకిలు బాగుచేసుకున్నాడు.

అందుకని వెనక బోర్డును నమ్మకండి. 18 ఎంఎం ప్లైవుడ్ పట్టీని నిలువునా 45 డిగ్రీల వాలుతో రెండుగా కోయించండి. ఒక ముక్క గోడకు, వాలు గోడవైపు దిగేలా. రెండోది బాక్సు వెనక పైభాగంలో, మొదటి దాన్ని కొక్కెంలా పట్టుకునేలా. బాక్సు లోపల పైన ఇంకో 4 అంగుళాల పట్టీ పెట్టి రెండు పక్క చెక్కలకూ బిగించి, వెనక పట్టీ స్క్రూలు దాని దాకా వచ్చేలా చూడండి. బాక్సు వెనక కిందిభాగంలో కూడా అదే మందం పట్టీ పెడితే నిటారుగా నిలుస్తుంది. తర్వాత ఎప్పుడైనా జరపాలనుకుంటే ఎత్తి పక్కకు పెట్టుకోవచ్చు.

జవాబు – కవాడిగూడ నుంచి

నా అభిప్రాయం కొంచెం వేరు. ఇంత కష్టం ఎందుకు? రాణిగంజ్‌లో స్లాటెడ్ యాంగిళ్లు (పొడవునా రంధ్రాలుండే ఇనుప యాంగిళ్లు), ఇనుప షెల్ఫులు దొరుకుతాయి. కావలసిన ఎత్తుకు కోయించుకుని నట్లు బోల్టులతో బిగిస్తే ఒక్క పూటలో రాక్ తయారు. చెదలు పట్టవు, నీళ్లకు ఉబ్బదు. పాత బోర్డుల మీద పెట్టే శ్రమకు ఫలితం తక్కువ.

జవాబు – నాచారం నుంచి

బరువుల వరకు మీ మాట ఒప్పుకుంటాను అన్నా. వెల్డింగ్ మెషీన్, బెంచి గ్రైండరు, చెక్క దుంగలు ఇనుప రాక్ మీదే ఉండాలి. రాక్‌ను పైన గోడకు కూడా బిగించాలి, లేకపోతే ముందుకు ఒరుగుతుంది. కానీ చెక్క పని చేసే చోట పొట్టు ఎగిరి ప్రతిదాని మీదా పడుతుంది. ఉలులు, కొలత పనిముట్లు, డ్రిల్ బిట్లు మూత ఉన్న బాక్సులో ఉంటేనే బాగుంటాయి. రెండూ కావాలి.

సైదాబాద్ నుంచి, వారం తర్వాత

అన్నిటికీ గోరు పరీక్ష చేశాను. కింది 6 బాక్సుల్లో 3 బాగున్నాయి, 2 అడుగున కోస్తే సరిపోతాయి. సింకు కిందిది ముట్టుకుంటేనే చాలా మేరకు రాలిపోయింది. గోడ బాక్సులు 5 గట్టిగా ఉన్నాయి, కానీ చాలా చోట్ల హింజ్ స్క్రూ రంధ్రాలు వదులైపోయాయి.

ఇంకో రెండు సందేహాలు. గ్రానైట్ బండను బాక్సుల మీద పరిచి వర్క్ బెంచి చేసుకోవచ్చా? 3 అడుగుల షెల్ఫు ఒకటి ఇప్పటికే మధ్యలో దిగింది, ఏం చేయాలి?

జవాబు – చంపాపేట్ నుంచి

సార్, నేను వడ్రంగి పని చేస్తాను. పైన సార్ చెప్పిన పట్టీ పద్ధతి కరెక్టు. గోడకు డ్రిల్ వేసేటప్పుడు పొడి రంగు చూడండి. ఎర్ర పొడి వస్తే ఇటుక తగిలినట్టు. బూడిద రంగు పొడే వస్తూ ఉంటే సిమెంటు జాయింటులో పడ్డట్టు, అంగుళం జరిపి వేయండి. పైన ప్లాస్టరే అర అంగుళానికి మించి ఉంటుంది, అందుకే చిన్న గిట్టీలు (స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో కొట్టే ప్లాస్టిక్ ముక్కలు) ప్లాస్టర్‌లోనే ఆగిపోయి ఊడొస్తాయి. 10 ఎంఎం గిట్టీ, 3 అంగుళాల స్క్రూ వాడండి, అడుగున్నరకు ఒకటి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం వేయొద్దు, వైరు పైపు ఉంటుంది. ఇది చదివే వాళ్లలో ఎవరివైనా తెల్లటి తేలిక బ్లాకుల గోడలైతే ఇనుప ఫాస్టనర్లు వాడకండి, బిగించేకొద్దీ బ్లాకు లోపల పొడైపోతుంది. వాటికి పొడుగు నైలాన్ గిట్టీలు వేరే ఉంటాయి.

వదులైన రంధ్రానికి మందు తీసేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కొడతారు. తేలిక తలుపుకు అది చాలు. బరువు తలుపైతే రంధ్రాన్ని 8 ఎంఎం చేసి గుండ్రటి చెక్క పుల్లను ఫెవికాల్‌తో దిగ్గొట్టండి. ఒక రోజు ఆరనిచ్చి, సన్నటి బిట్‌తో మళ్లీ రంధ్రం చేసి స్క్రూ పెట్టండి. అసలు షెడ్డులో సగం బాక్సులకు తలుపులే అక్కర్లేదు సార్.

ఆ తలుపుల్నే షెల్ఫులుగా వాడండి. రెండు పక్కలా మైకా ఉంటుంది కాబట్టి గట్టిగా ఉంటాయి. హింజ్ కోసం తవ్విన గుండ్రటి గుంటలు వెనక గోడవైపు తిప్పేస్తే కనబడవు. షెల్ఫు పొడవు 2 అడుగులు దాటితే మధ్యలో నిలువు చెక్క ఇవ్వండి. కుదరకపోతే ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల ప్లైవుడ్ పట్టీని నిలువుగా బిగించండి. దిగిన షెల్ఫును బోర్లించి పెట్టమని కొందరు చెబుతారు, కొన్ని నెలలకు అటు కూడా దిగుతుంది.

గ్రానైట్ వద్దు సార్. 8 అడుగుల బండ 70 కిలోలకు పైనే తూగుతుంది, పాత బాక్సుల మీద అంత బరువెందుకు? సుత్తి దెబ్బకు చిట్లుతుంది, ఉలి జారి తగిలితే పదును పోతుంది. పదును పెట్టుకునే రాయి ఉంచడానికి ఒక చిన్న ముక్క చాలు. బెంచి వేరుగా ఇనుప చదరపు పైపుతో చేయించి, పైన రెండు ప్లైవుడ్ పొరలు వేసుకోండి. చెక్కను కదలకుండా పట్టే వైస్ దానికే బిగించాలి. బాక్సుకు వైస్ బిగిస్తే లాగినప్పుడల్లా జాయింట్లు కదిలి నాలుగు నెలల్లో వదులైపోతాయి.

డ్రాయర్లు కొత్తగా చేస్తే ఒక కొలత గుర్తు పెట్టుకోండి. బాల్ బేరింగ్ ఛానెల్‌కు పక్కకు 13 ఎంఎం కావాలి. అంటే బాక్సు లోపలి వెడల్పు కన్నా డ్రాయర్ 26 ఎంఎం తక్కువ. 24 చేస్తే ఇరుక్కుంటుంది, 30 చేస్తే ఛానెల్ పట్టదు.

జవాబు – ఈసీఐఎల్ నుంచి

బాస్కెట్లను మర్చిపోకండి సార్. మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పనిముట్లు నావే, సర్దుకోవడం అనుభవం మీద నేర్చుకున్నాను. ప్లేట్లు నిలబెట్టే బాస్కెట్‌లో శాండ్ పేపర్లు, రంపం బ్లేడ్లు నంబరు ప్రకారం నిలబడతాయి. స్పూన్ల ట్రేలో డ్రిల్ బిట్లు, స్క్రూడ్రైవర్లు. గిన్నెల బాస్కెట్‌లో స్ప్రే డబ్బాలు.

థిన్నరు, టర్పెంటైన్, పాలిష్‌లు మాత్రం చెక్క బాక్సులో వద్దు. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. చిన్న ఇనుప బీరువా కొని నీడ ఉండే మూలలో, ఇంటి తలుపుకు దూరంగా పెట్టండి. పాతది చాలు, ఆదివారం ఎర్రగడ్డ సంతలో వెతికితే దొరుకుతుంది. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలను ఉండ చేసి ఎక్కడా పడేయకండి, ఆ నూనె ఆరుతూ వేడి పుట్టించి దానంతట అదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

మా నాన్నగారి పాత ఆల్విన్ ఫ్రిజ్ ఒకటి ఉండేది, మన సనత్‌నగర్‌లో తయారైనదే. మోటారు తీయించేసి అందులో వెల్డింగ్ రాడ్లు, రంపాలు పెట్టుకుంటున్నాను. తలుపు రబ్బరు గట్టిగా పట్టుకోవడంతో వానాకాలం చెమ్మ లోపలికి రాదు. చిన్నపిల్లలు వచ్చే ఇల్లయితే దానికి తాళం తప్పనిసరి. లోపలికి దూరి తలుపు వేసుకుంటే ఊపిరాడదు. ఫ్రిజ్ లేకపోయినా ఇనుప పనిముట్లకు కుట్టు మిషన్ నూనె పల్చగా రాస్తే తుప్పు పట్టదు.

పాత బోర్డు కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, షట్టర్ తెరిచి ఉంచండి. ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది, జిగురు వాసన గొంతులో మండుతుంది.

సైదాబాద్ నుంచి, రెండు నెలల తర్వాత

చెదల మందు ముందే వేయించాను. వెనక గోడ పొడవునా తాండూరు బండల మీద 5 బాక్సులు, పైన పట్టీలకు 4 బాక్సులు తగిలించాను. ఐదోదాన్ని తగిలించే చోటుకు నేరుగా కింద స్విచ్ బోర్డు ఉంది, అందుకే మానేశాను. అది ఇప్పుడు బెంచి కింద ఉంది. సింకు బాక్సులో బాగున్న ముక్కలు డ్రాయర్ అడుగులయ్యాయి. మొదటి డ్రాయర్‌ను 24 ఎంఎం తేడాతోనే చేశాను, చెప్పినట్టే ఇరుక్కుంది, పక్కలు చిత్రిక పట్టాల్సి వచ్చింది.

మొన్న రాత్రి వానకు షట్టర్ కింద నుంచి నీళ్లొచ్చాయి. పొద్దున్నే టార్చి తీసుకెళ్లి చూశాను. ఇటుకలు సగం దాకా తడిశాయి, చెక్క పొడిగా ఉంది. షట్టర్ కిందికి రబ్బరు పట్టీ కూడా వేయిస్తున్నాను.

నాలుగు తలుపులు, 11 హింజ్‌లు మిగిలాయి. హింజ్‌లు తిరుగుతున్నాయి, తుప్పు లేదు. సైదాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా పనికొస్తే వచ్చి తీసుకెళ్లండి, డబ్బేం వద్దు.