లావెండర్ నూనె తక్కువ దిగుతోంది, మొక్కలు మార్చాలా బట్టీ మార్చాలా?

ఊదాతోట:
ఇంట్లోవాళ్లమే చూసుకునే చిన్న లావెండర్ తోట మాది. నారు పోసి పెంచిన అంగస్టిఫోలియా అనే లావెండర్ రకం, మొక్కలకి ఇప్పుడు మూడో ఏడు. ఈసారి కాడలతో సహా 40 కిలోల పచ్చి పూలు వేస్తే 200 మిల్లీలీటర్ల నూనె వచ్చింది. వీడియోల్లో చూస్తే దీనికి రెండు మూడింతలు తీస్తున్నారు. పైగా మా నూనెలో ఉడికిన గడ్డి వాసన. పాత్రలో నీళ్లు పోసి పూలు అందులోనే వేసి కింద మంట పెడతాం. ఇంకో గంట మరిగిస్తే మిగతాది కూడా దిగుతుందని తమ్ముడు, ఇవన్నీ పీకేసి లావండిన్ అనే సంకర రకం వేద్దామని నాన్న, రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

మట్టివాసన:
టెన్షన్ పడకండి, అది తక్కువేం కాదు. లావెండర్ నూనె నీళ్లకంటే తేలిక, మిల్లీలీటరుకి 0.88 గ్రాముల చొప్పున వేసుకుంటే మీది సుమారు 176 గ్రాములు, అంటే 0.44 శాతం. కాడలతో తూచారు కాబట్టి అంగస్టిఫోలియాకి ఇది మామూలే. నూనె ఉండేది పువ్వు మొదట్లోని రక్షకపత్రాల మీద ఉండే సన్నటి గ్రంథుల్లో, కాడలో దాదాపు ఏమీ ఉండదు. పొడుగ్గా కోస్తే పాత్ర నిండుతుంది తప్ప సీసా నిండదు.

వీడియోల్లోది చాలావరకు లావండిన్ అయి ఉంటుంది. అది అంగస్టిఫోలియాకీ స్పైక్ లావెండర్‌కీ పుట్టిన సంకరం, మొక్క పెద్దది, నూనె ఎక్కువ, కానీ కర్పూరం ఘాటు కూడా ఎక్కువే, అందుకే సబ్బులకీ క్లీనింగ్ సామానుకీ పోతుంది, రేటు కూడా తక్కువ పలుకుతుంది. దానికి విత్తనం కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. మూడేళ్లకి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చిన తోటని పీకడం మాత్రం నాకు నచ్చలేదు. నారు మొక్కలు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి కదా, బాగా పూసేవాటికి గుర్తు కట్టుకుని వాటి కత్తిరింపులతో ఖాళీలు నింపుకోండి. కోత అయ్యాక కత్తిరించేటప్పుడు ఆకు లేని ముదురు కట్టెలోకి వెళ్లొద్దు, అక్కడినుంచి మళ్లీ చిగురు రావడం కష్టం.

ఆవిరిగొట్టం:
గడ్డి వాసన సంగతి నేను చెప్తా. పూలు నీళ్లలో ఉడుకుతున్నాయి, అడుగు తగిలినచోట మాడుతున్నాయి కూడా. ఇంకో నష్టం కూడా ఉంది: లావెండర్‌కి ఆ తీపి వాసన ఇచ్చే లినలైల్ అసిటేట్ వేడి నీళ్లలో ఎక్కువసేపు నానితే లినలూల్‌గా, అసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. నీటిమట్టానికి పైన చిల్లుల పళ్లెం పెట్టి పూలు దాని మీద వేయండి, ఆవిరి మాత్రమే తగలాలి. వీలైతే ఆవిరి వేరే బాయిలర్ నుంచి వచ్చేలా చూసుకోండి. పూలని మరీ వదులుగా వేస్తే ఆవిరి ఒకచోట దారి చేసుకుని పోతుంది, మిగతా పూలు ఊరికే కూర్చుంటాయి. మరీ కుక్కితే పైకే రాదు.

తమ్ముడికి చెప్పండి, నూనెలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే వచ్చేస్తుంది. తర్వాత వచ్చే కొంచెం కోసం గంటసేపు మంట పెడితే కట్టెలు దండగ, వాసన కూడా బరువెక్కుతుంది. కొత్తగా తీసిన నూనెలో ఉండే పచ్చి వాసన కొన్ని వారాలకి దానంతటదే కొంత తగ్గుతుంది, మాడు వాసన మాత్రం పోదు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఆవిరి బయటికి పోయే గొట్టం ఎప్పుడూ తెరిచి ఉండాలి. పూలు ఎగిరివచ్చి అడ్డంపడితే మూత లేచి మీద పడుతుంది, సేఫ్టీ వాల్వ్ లేకుండా వెలిగించకండి.

ఊదాతోట:
పళ్లెం ఇవాళే చేయించమన్నాను. నాన్న ఇంకా ఒప్పుకోలేదు :) ఇంతకీ నూనె కింద మిగిలే నీళ్లు పారబోయాలా?

నీడలోసీసా:
అయ్యో, పారబోయకండి! అదే హైడ్రోసోల్, అమ్ముకోవచ్చు. శుభ్రమైన సీసాలో పోసి చల్లగా ఉంచండి, అందులో సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. నూనెకైతే ముదురు రంగు గాజు సీసా, అంచుదాకా నింపాలి, గాలి తగిలితే లినలూల్ ఆక్సీకరణ చెంది చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థాలు తయారవుతాయి. సగం ఖాళీ అయిన సీసాని చిన్నదాంట్లోకి మార్చండి.

కత్తిరింపుల సలహాతో మాత్రం నేను ఏకీభవించను మట్టివాసన గారూ. ఫ్రాన్స్‌లో ఓట్ ప్రోవాన్స్ పేరుతో రక్షణ ఉన్న లావెండర్ నూనె, 800 మీటర్ల కంటే ఎత్తులో, విత్తనంతో పెంచిన మొక్కల నుంచే రావాలి. ఆ కలగలుపు వాసనే దాని గొప్ప. పెద్ద తోటలతో పరిమాణంలో పోటీపడలేని చిన్న కుటుంబం దాన్నెందుకు వదులుకోవాలి? ఒకే రకం మొక్కలు నిండితే రోగం వచ్చినా అన్నిటికీ ఒకేసారి వస్తుంది.

ఊదాతోట గారూ, ఒక శాంపిల్ జీసీ-ఎంఎస్ పరీక్షకి ఇవ్వండి, కర్పూరం ఎంతుందో లినలైల్ అసిటేట్ ఎంతుందో కాగితం మీద కనిపిస్తే నాన్నగారితో వాదన సగం తగ్గుతుంది. కొనేవాళ్లు కూడా అదే అడుగుతారు. పూలన్నీ బట్టీకే వేయకుండా కొన్ని కట్టలుగా ఎండబెట్టి అమ్మి చూడండి. వాటికి మొగ్గలు సగం విచ్చకముందే కోయాలి, నూనెకైతే సగానికిపైగా విచ్చాక, మంచు ఆరిన పొద్దుటిపూట.

మట్టివాసన:
రోగం మాట ఒప్పుకుంటాను. కానీ వేరుకుళ్లుకి ఈ రకం ఆ రకం అని లేదండీ, నీళ్లు నిలిచే నేలలో ఏదైనా పోతుంది. ఖాళీలు ఎక్కడున్నాయో ముందు చూడండి ఊదాతోట గారూ, పల్లంలోనే ఉంటే అక్కడ కొత్తవి పెట్టేముందు బోదెలు ఎత్తు చేయండి.