తెల్ల అక్షరాల్లోకి సిరా పాకుతోంది: గీత లావు చేయాలా, తెల్ల సిరాతో అచ్చేయాలా?

విజయనగరంలో చేస్తున్న స్క్రీన్ ప్రింట్ ఇది: బొబ్బిలి వీణ బొమ్మ, దాని ముదురు భాగంలో తెల్లగా వదిలిన ‘పనస చెట్టు’ అనే మాట. వీణ చెక్కేది పనస దుంగలోంచే కాబట్టి బొమ్మ, మాట ఒకదాన్నొకటి నిలబెట్టాలి. అక్షరం చదవలేకపోతే ఆ ప్రింటుకు అర్థమే లేదు.

300 జీఎస్ఎం కాటన్ కాగితం, 77టీ మెష్ (సెం.మీ.కు 77 దారాల జాలీ), 45 లైన్ల హాఫ్‌టోన్ (బొమ్మను చిన్న చుక్కలుగా మార్చడం), నీటి సిరా, 65 షోర్ గట్టిదనం ఉన్న స్క్వీజీ (సిరాను లాగే రబ్బరు పట్టీ), కాగితానికీ స్క్రీన్‌కూ మధ్య 2 మి.మీ. ఎడం. ఒత్తు గీత 0.4 మి.మీ.

మొదటి ప్రింట్లు శుభ్రంగానే వస్తాయి. తర్వాత స్క్రీన్ అడుగున సిరా పేరుకుని ‘ట్టు’ ఒత్తు పూడిపోతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే స్టెన్సిల్ అంచులు పదునుగానే ఉన్నాయి, అంటే ఎక్స్‌పోజర్ (స్టెన్సిల్‌ను వెలుతురుతో గట్టిపరచడం) తప్పు కాదు. ఇంకా సన్నని 120టీ మెష్‌కి మారితే ఈ గాలికి సిరా మెష్‌లోనే ఆరి, లేత చుక్కలు పోతాయేమోనని భయం.

ఎడం 4 మి.మీ.కు పెంచి, గీత 0.6 చేస్తే చాలా? లేక బొమ్మ నిండుగా అచ్చేసి, మాటను వేరే స్క్రీన్‌తో తెల్ల సిరాలో వేయాలా? నల్లటి మీద నీటి తెల్ల సిరా ఒక్క పూతలో నిలుస్తుందా? ఈ చుట్టుపక్కల, శ్రీకాకుళంలో అయినా సరే, 120టీ మెష్ బిగించేవాళ్లుంటే చెప్పండి.